అవ్వ పంపిన దండం

తమలే పట్నంలో డిగ్రీ చదువుతున్న లారిబా పరీక్షలవగానే ఊరికి పోకుండా మోలె అడవికి బస్సెక్కింది. సరదాకి కాదు. వాళ్ళ వంశానికి ఏనుగు చుట్టం. వాళ్ళింట ఎవరూ దాని మాంసం ముట్టరు. బొల్గతంగ దగ్గరి వాళ్ళ ఊరివైపు మాత్రం ఏనుగులు రావడం మానేసి ఏళ్ళయింది. మంచం పట్టిన అవ్వ మనవరాలి చేత ఒట్టేయించుకుంది: చెప్పులు విడిచి, గొంతుక్కూచుని, ఏనుగుకి తన దండం చెప్పి రావాలి. అదీ యాత్రికులు కూచుని ఏనుగుల్ని చూసే గట్టు మీది హోటలు వరండాలోంచి కాదు. పెద్దవాళ్ళకి మేడ మీంచి దండం పెడతామా? ఆ కబురు విన్నాకే కన్ను మూస్తానని అవ్వ పంతం. ముసల్దానికి ఇంక ఎన్నాళ్ళో లేదని లారిబాకి తెలుసు.

తుపాకీ భుజాన వేసుకుని అడవిలోకి తీసుకెళ్ళిన గార్డు బాయో దగాబా జాతివాడు. పిల్ల ఫ్రాఫ్రా జాతిదని తెలియగానే వాడికి పండగైపోయింది. ఈ రెండు జాతులదీ తాతలనాటి పరాచికాల వరస. ఎంత మాటన్నా పడాలి, కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టే. అవతలివాళ్ళ చావుకొచ్చి, శవాన్ని ఆపి మరీ వేళాకోళమాడే హక్కూ ఉంది. రెండు జాతులూ ఇష్టంగా తినే కుక్క మాంసంలో తల ఎవరికి దక్కాలన్న పాత తగువు తేలక, దారంతా ఒకర్నొకరు తిట్టుకుంటూనే నడిచారు. పొద్దుట్నుంచీ వాడు ఆమెని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. కుక్కల దొంగా అనే పిలుపు.

వాగు దగ్గర బాయో ఆగాడు.

"వెనక్కి పద. ఏనుగు పిల్లతో ఉంది. మీ ఫ్రాఫ్రా కంపుకి మీదికొచ్చేస్తది."

అలవాటైన నోరు, హెచ్చరికలోనూ వెటకారం కలిపింది. లారిబా నవ్వేసి, భయమైతే నువ్వే ఆగమని పొదలు దాటింది.

ఎదురుగా ఏనుగు, చెవులు విప్పి నిలబడింది. కాళ్ళ మధ్య పిల్ల.

"లారిబా," అన్నాడు వెనకనుంచి బాయో.

తన పేరు వినగానే ఇది వేళాకోళం కాదని ఆమెకి అర్థమైంది.

"పరిగెత్తకు. మెల్లగా వెనక్కి రా."

ఒక్క అడుగు వెనక్కేసి ఆగిపోయింది. ఇప్పుడు పోతే మళ్ళీ వచ్చేనాటికి అవ్వ ఉండదు. చెప్పులు విడిచి గొంతుక్కూచుంది.

"చుట్టమా, అవ్వ దండం చెప్పమంది. మా ఇల్లు చల్లగా ఉంది. మీ ఇల్లు చల్లగా ఉందా?"

ఏనుగు దుమ్ము ఎగజిమ్మింది. చాలాసేపు చూసింది. తర్వాత పిల్లని తొండంతో తోసుకుంటూ చెట్లలోకి మళ్ళింది.

బాయోకి నిజంగానే కోపం వచ్చింది. వరస ప్రకారం రాకూడని కోపం. తిడితే బాగుండుననుకుంది లారిబా. వాడు తిట్టలేదు. గేటు వైపు ముందు నడిచాడు. వేళాకోళమనుకున్నానని ఆమె చెబితే, తప్పు తనదీ ఉందన్నట్టు తలూపాడు.

గేటు దగ్గర స్పీకరు పెట్టి ఇంటికి ఫోన్ చేసింది. మావయ్య అవ్వ చెవి దగ్గర పెట్టాడు. అవ్వ అడిగింది ఒకటే, ఏనుగేమందని. లారిబా జవాబు చెప్పేలోపే బాయో ఫోన్ లాక్కున్నాడు.

"అవ్వా, నేను దగాబావాణ్ణి. మీ చుట్టం ఇల్లు చల్లగానే ఉంది, నా కళ్ళతో చూశా. కుక్క తల మాత్రం మాకే ఇవ్వాలంట."

అవతల అవ్వ దగ్గూ నవ్వూ కలిసి వినిపించాయి.

"ఓరి మా పాలేరు వెధవా! తల కావాలంటే నా చావుకి రా. శవాన్ని ఆపి మరీ అడుగు."

బాయో టోపీ తీశాడు. "వస్తానవ్వా," అన్నాడు.