బంగారు పళ్ల మీద బొట్టు

“దానికి తడిబట్ట తగలనియ్యకు స్వరూపా” అన్నాడు మా ఆయన, నేను డైనింగ్ టేబుల్ తుడుస్తుంటే.

తార్నాకలో మా ఇంటి డైనింగ్ టేబుల్ పేరుకే డైనింగు. కొత్త కంప్యూటర్ వచ్చి దాని మీద తిష్ట వేసినప్పటి నుంచి మేం నేల మీద కూర్చుని తింటున్నాం. దాన్ని తుడవడానికి వేరే మెత్తటి బట్ట ఉంది. ఆ బట్టను ఆయనే ఉతుకుతాడు, ఆయనే ఆరేస్తాడు. మా కాపురంలో ఆయన ఉతికిన మొదటి బట్ట అదే. నాకు కళ్లలో గుచ్చుకుంది. అసూయ అన్న మాటలోనే సూయి ఉంది మరి. సూయి అంటే సూది అని హైదరాబాద్ వాళ్లకు ఒకరు చెప్పాలా?

యంత్రాన్ని చూసి కుళ్లుకోవడమేమిటని నవ్వకండి. అది కాస్త వేడెక్కితే “పాపం, కొంచెంసేపు రెస్ట్ ఇద్దాం” అని బంద్ చేసి, టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పుతాడు. పోయిన నెల నాకు ఒళ్లు కాలిపోతుంటే “గోలీ వేసుకో, నాలుగు చపాతీలు చేస్తే చాలు తియ్” అన్నాడు. అది పని మధ్యలో ఆగిపోతే “మెమరీ ప్రాబ్లం, దాని తప్పేముంది” అంటాడు. నేను పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే “నీ మతికేమొచ్చింది” అని పక్కింటికి వినపడేలా అంటాడు. శ్రీమతి అన్న మాటలో శ్రీని తన దగ్గరుంచుకుని మతిని నాకిచ్చాడు, అది కూడా మరుపు తగిలించి.

మా ఆయన పేరు కరుణాకర్. యూనివర్సిటీలో జాగ్రఫీ ప్రొఫెసర్. నేనూ ఆ క్యాంపస్‌లోనే స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఒకే బ్యాచ్, ఒకే క్యాంటీన్. ఆయన మ్యాపులు గీసేవాడు, నేను లెక్కలు వేసేదాన్ని. పెళ్లయ్యాక నా లెక్కలు ఆయన మ్యాపుల్లోకి కాపురానికి వెళ్లి, ఇంటిపేరు మార్చుకున్నాయి. పగలు లాలాగూడలో ఒక ప్రైవేట్ స్కూల్లో రైల్వేవాళ్ల పిల్లలకు లెక్కలు చెప్తాను. ఇంటికొచ్చి, కుక్కర్ పెట్టి, ఆయన అంకెల ముందు కూర్చుంటాను. ప్రస్తుతం ఆయన ప్రాజెక్టు నగరంలోని బోరుబావుల మీద: ఏ బస్తీలో బోరు ఎంత లోతుకు పోయింది, ఏ ఎండాకాలం ఎండింది. ఆ సరాసరులన్నీ ఈ టేబుల్ మీద నేను వేసినవే. మహిళా దినోత్సవం నాడు ఆయన క్యాంపస్‌లో ఎంత బాగా మాట్లాడతాడంటే, మర్నాడు మా స్కూల్ టీచర్లు నన్ను పట్టుకుని అదృష్టవంతురాలివంటారు. వాళ్లు విన్నారు కాబట్టి వాళ్లకు తెలుసు. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా సంగతి చూసుకోవడంలో నేను ఆ ఉపన్యాసం వినలేకపోయాను.

అయినా నా అసలు మంట కంప్యూటర్ మీద కాదు, దాన్ని బిగించిన పిల్ల మీద. అలేఖ్య మా ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. క్యాంపస్ గోడకు అవతల మాణికేశ్వర్ నగర్‌లో వాళ్లిల్లు. ఒక్కొక్క భాగం ఏరి తెప్పించి, స్క్రూ పళ్ల మధ్య పట్టుకుని, మా టేబుల్ మీదే దాన్ని నిలబెట్టింది. ప్రాసెసర్ పక్కన మా ప్రొఫెసర్ టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. “వాహ్! ఏం హ్యాండ్ అలేఖ్యా నీది!” అంటూనే ఉన్నాడు. కంప్యూటర్ లోపల మూడు ఫ్యాన్లు. బయట నాలుగోది మా ఆయన.

అదే టేబుల్ మీద ఇన్నేళ్లు నేను వేసిన అంకెలకు ఒక్క ‘వాహ్’ రాలలేదు.

తప్పుగా అనుకోకండి. వాళ్లిద్దరి మధ్య ఏదో ఉందని కాదు. ప్రేమించే తీరిక ఆయనకుంటే ముందు నాకే తెలిసేది. నా కడుపుమంట వేరు. ఆయన ఆ పిల్లను ఏదైనా అడుగుతాడు, అడిగి జవాబు కోసం ఆగుతాడు. నన్ను అడిగేటప్పుడు ఆయన చెయ్యి అప్పటికే రిమోట్ మీద ఉంటుంది. పైగా ఆ పిల్లకు ఆయన సార్, నేను ఆంటీ. ఒకే బ్యాచ్ వాళ్లం, ఆయనకు హోదా పెరిగింది, నాకు వయసు పెరిగింది. “ఆంటీ, చాయ్‌ల చక్కెర జర తక్కువైంది” అంటుంది వచ్చినప్పుడల్లా. నేను చెంచాడు వేసి కలిపేదాన్ని, గ్లాసు పగిలేలా.

మూడు ఫ్యాన్ల మహారాణి మూడు రోజులకే మూర్ఛపోయింది. మ్యాపులు తెరవగానే తెర నీలంగా మారి, ఏదో ఇంగ్లీషులో క్షమాపణ చెప్పి, దానంతటది ఆగి మళ్లీ లేచేది. విండోస్ మొత్తం తీసి మళ్లీ ఎక్కించింది అలేఖ్య. మెమరీ వేగం తగ్గించి చూసింది. లాభం లేదు. మా ఆయన మాత్రం దొంగను పట్టేశాడు: “నువ్వు మిక్సీ వేసినప్పుడే పోతుంది స్వరూపా. కరెంటు గుంజుతున్నది.” ఆ రోజు నుంచి మా ఇంట్లో మిక్సీ బంద్. పచ్చడి రోట్లో. కంప్యూటర్ మళ్లీ ఆగింది, నా భుజం కూడా పట్టేసింది. భుజానికి మాత్రం ఎవరూ టార్చి వేసి చూడలేదు.

రిపోర్టు మర్నాడు పంపాల్సి ఉండగా అది పొద్దున్నే ఆగిపోయింది. ఆ శనివారం మా స్కూలుకు సెలవు. మా ఆయనకు క్యాంపస్‌లో ఎవరిదో వైవా ఉంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఎదురైన అలేఖ్యతో “నేనొచ్చేవరకు నడవాలె” అన్నాడు. ఆ గొంతు విని నేను ఉలిక్కిపడ్డాను. అది నాతో మాట్లాడే గొంతు.

ఆ పిల్ల మూత విప్పి కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. నాకు ఆనందంగా ఉండాలి. ఉంది కూడా, కొంచెం. వంకాయలు తరుగుతూ ఓరగా చూస్తున్నాను.

“ర్యామ్ రెండూ తీసి మళ్ల పెట్టిన ఆంటీ. అయినా గట్లనే చేస్తున్నది” అంది, నన్ను అడిగినట్టు కాకుండా గాలితో అన్నట్టు.

ర్యామ్ అంటే ఏమీ లేదు, వేలెడు వెడల్పు పట్టీలు రెండు. అడుగున వరసగా బంగారు రంగు పళ్లు. ఆ పళ్లు కింది గాడిలో కూర్చుంటేనే దానికి ఏదైనా గుర్తుంటుంది.

“రెండూ ఒక్కసారే తీస్తే తప్పెవరిదో ఎట్ల తెలుస్తది? అత్తాకోడళ్లను ఒక్కదగ్గర కూసోబెట్టి అడిగినట్టుంటది. ఒక్కొక్కదాన్నే పిలువు” అన్నాను.

కత్తిపీట ముందు నుంచి వచ్చిన ఆ మాటకు అలేఖ్య తలెత్తి చూసింది. “మీకు కంప్యూటర్లు గూడ తెల్సా?”

“కంప్యూటర్ తెల్వదు. లెక్క తెల్సు.”

చేతులు కడుక్కుని వెళ్లి పక్కన కుర్చీ వేసుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో ఒక పరీక్ష పెట్టింది అలేఖ్య. మెమరీలో ఏదో రాస్తుంది, రాసింది రాసినట్టు చదవగలిగిందా అని చూస్తుంది, తప్పితే తెర మీద ఎర్ర గీత వేస్తుంది. ఒక పట్టీ పక్కనబెట్టి మొదటిదాన్ని పరీక్షించాం. ఎర్ర గీతలు, మా స్కూల్ పరీక్ష పేపర్ల లాగా. దాన్నే రెండో గాడిలో పెట్టాం. మళ్లీ ఎరుపే. ఇప్పుడు అదే గాడిలో రెండో పట్టీ. ఒక్క గీత లేదు.

“గాడి మంచిదే. పట్టీయే తప్పు” అన్నాను. నా గొంతులో ఏదో గర్వం. క్యాంపస్‌లో వదిలేసి వచ్చాననుకున్న గర్వం.

అలేఖ్య తప్పుడు పట్టీని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లింది. బంగారు పళ్ల మధ్య ఎండిపోయి, పసుపూ ఎరుపూ కలిసిన మరక.

ఇద్దరం ఒకేసారి హాల్లోకి చూశాం. హాల్లో మా అత్తమ్మ రాములమ్మ టీవీ చూస్తోంది.

కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టందే వాడనివ్వదు అత్తమ్మ. కుక్కర్‌కు పెట్టింది, స్కూటీకి పెట్టింది, గీజర్‌కు స్టూలెక్కి పెట్టింది. కంప్యూటర్ బిగించిన రోజున పసుపూ కుంకుమా కలిపి తెమ్మని నన్ను పంపింది. టేబుల్ మీద ఇంత సామాను పరిచి ఉంటే ఆమె కంటికి ఆనింది ఆ బంగారు పళ్లే. “బంగారం కండ్ల వడంగ వట్టిగ పెడ్తరా? లక్ష్మి గాదు?” అని, తడి పసుపు సరిగ్గా వాటి మీద రాసి కుంకుమ అద్దింది. రెండో పట్టీకి పెట్టబోతుంటే అలేఖ్య చెయ్యి అడ్డం పెట్టింది. అంత పెద్ద చదువుల మధ్య, అంత పెద్ద టార్చి వెలుగులో, ఆ పని జరుగుతుంటే మా ఆయన కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు.

“ఆ రోజే తుడిచిన ఆంటీ, చున్నీతోని. పోయిందనుకున్న.”

“మరి సార్‌కు చెప్పలేదేం?”

“అమ్మో.”

నా పెన్సిల్ డబ్బాలోంచి రబ్బరు తెచ్చిచ్చాను. ఆ పిల్ల పళ్లన్నీ మెల్లగా రుద్దింది. గాడుల్లో మెత్తటి బ్రష్షు తిప్పింది. రెండు పట్టీలూ పెట్టి పరీక్ష మళ్లీ మొదలుపెట్టాం. అది నిదానంగా సాగే పరీక్ష. తెర వైపు చూస్తూ పక్కపక్కన కూర్చున్నాం.

“చెప్తే ఏమంటడు సార్?” అన్నాను.

అలేఖ్య తెర మీంచి చూపు తిప్పలేదు. “ఏమంటడా? ‘మా స్వరూపయితే కుక్కర్ రెండు కూతలు వేసేలోపల చేసి పడేస్తది, నీకు నెల పడుతది’ అంటడు. ఏం జేసినా గదే. అంకెల టేబుల్ తయారు జేస్తే ‘మా స్వరూపకు చూపియ్యి, తప్పులు దొరుకుతయి’ అంటడు. అందరి ముంగట. నాకు మీరంటే మస్తు మంట ఆంటీ. చాయ్‌ల చక్కెర తక్కువ అంటుంటి గద, గందుకే. చక్కెర బరాబరే ఉంటుండె.”

నేను లేని చోటల్లా నేను అంత గొప్పదాన్నన్నమాట! ఇంట్లో “అలేఖ్యను చూసి నేర్చుకో, ఎంత షార్ప్” అన్న మనిషే క్యాంపస్‌లో నన్ను తీసి ఆ పిల్ల నెత్తిన కొడుతున్నాడు. నన్ను కొయ్యడానికి ఆ పిల్ల కత్తి, ఆ పిల్లను కొయ్యడానికి నేను కత్తి. పిడి మాత్రం ఒకే చేతిలో. ఇంత తెలిశాక కూడా నా బుద్ధి చూడండి: కోపం కంటే ముందు అసూయే వచ్చింది. క్యాంపస్‌లో అందరి ముందూ పొగడ్తలు తినే ఆ స్వరూపను చూసి, తార్నాకలో వంకాయలు తరిగే ఈ స్వరూప కుళ్లుకుంది.

“నాక్కూడా నువ్వంటే మంటే” అన్నాను. “నిన్ను చూసి నేర్చుకొమ్మంటడు.”

అలేఖ్య నోరు తెరిచి నా వైపు చూసింది. తర్వాత ఇద్దరం నవ్వాం. అంత గట్టిగా నవ్వేసరికి హాల్లోంచి అత్తమ్మ టీవీ సౌండు పెంచింది.

పరీక్ష ముగిసింది. ఒక్క ఎర్ర గీత లేదు. మ్యాపులతో కూడా ఒకసారి చూద్దామని రిపోర్టు తెరిచింది అలేఖ్య. ముషీరాబాద్ మ్యాపు తెరుచుకుంది, లాలాగూడ తెరుచుకుంది, దేనికీ ఆగలేదు. చివరికి మొదటి పేజీకి వెళ్లాం. ఇన్ని రోజులుగా నా నిద్ర పాడు చేసిన పేజీ అది. ఆయన పేరు కింద అలేఖ్య పేరు ఉంటుందని నాకు తెలుసు. అది చూడలేకే ఆ పేజీ నేనెప్పుడూ తెరవలేదు.

డాక్టర్ కరుణాకర్. అంతే. ఆ కింద ఎవరూ లేరు.

“మీ పేరుంటదనుకున్న” అంది అలేఖ్య.

“నీదుంటదనుకున్న” అన్నాను.

ఆఖరి పేజీలో మేం ఉన్నాం. “ఓపికతో సహకరించిన నా శ్రీమతికి, నా విద్యార్థినికి” అని. పేర్లు లేవు. పైన కృతజ్ఞతలు అని రాశాడు గాని, అవి కృత అజ్ఞాతలు. బస్తీలన్నీ తిరిగి, బిందెలు పట్టుకునే ఆడవాళ్ల పక్కన నిలబడి ఒక్కొక్క బోరు లోతు రాసుకొచ్చింది అలేఖ్య. ఆ అంకెల్లోంచి అర్థం తీసింది నేను. ఇద్దరం కలిసి చేసింది ఆయనది. మేం ఇన్నాళ్లూ జుట్లు పట్టుకున్నది మాత్రం లేని కుర్చీ కోసం.

కీబోర్డు నా వైపు లాక్కున్నాను. ఆయన పేరు కింద నా పేరు కొట్టాను. ఆ పని అంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని.

“నీ పేరు?” అన్నాను.

అలేఖ్య ముఖంలో నవ్వు పోయింది. “సార్ నా గైడు ఆంటీ. నా పీహెచ్‌డీ మీద సంతకం ఆయనదే. మీకైతే ఇల్లున్నది.”

అది నిజం. నాకు కొట్లాడుకోవడానికైనా ఒక ఇల్లుంది. “నిన్ను బలవంతపెట్టను. నాది మటుకు నేను తియ్య” అన్నాను.

ఆ పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. చుట్టుకుంది. తర్వాత కీబోర్డు తన వైపు తిప్పుకుని, తన పేరు తనే కొట్టింది. ఆఖరి పేజీలోని ఓపికను నేను చెరిపేశాను.

ఆయన వచ్చేసరికి సాయంత్రమైంది. మ్యాపు వెలుగుతున్న తెర చూసి గుమ్మంలోంచే “శభాష్ అలేఖ్యా!” అన్నాడు. “స్వరూపా, చాయ్ పెట్టు.”

నేను లేవలేదు. ఆయన వంగి మొదటి పేజీ చదివాడు. మళ్లీ చదివాడు.

“ఇదేంది?”

“పేర్లు” అన్నాను.

“ప్రాజెక్టు నాది గద స్వరూపా. ఇంట్ల సాయం చేసినోళ్లందరి పేర్లు పెడ్తరా ఎక్కడన్న?”

“పెట్టొద్దంటే తీసేద్దాం. నా పేరుతోని నా లెక్కలు పోతయి, ఆమె పేరుతోని ఆమె తిరిగిన బస్తీలు పోతయి. మీ పేరు, మ్యాపుల అంచులు మిగుల్తయి. రేపు అవే పంపండి.”

“అలేఖ్యా, నీకు తెల్వదా? నువ్వన్న చెప్పవా ఆమెకు?”

అలేఖ్య చున్నీ అంచు మళ్లీ వేలికి చుట్టుకుంది. కానీ మాట వచ్చింది. “మేడం లెక్కలు కరెక్టే సార్.”

“మళ్ల ఆగిందారా? బొట్టు ఇంకింత పెట్టాల్సుండె” అంది హాల్లోంచి అత్తమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. కూర్చోవడానికి టేబుల్ దగ్గర ఇంకో కుర్చీ ఉంది గాని, అది మాకు అటువైపు ఉంది. చివరికి “పంపున్రి” అన్నాడు, మాలో ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

పంపాం. వెళ్లిందా లేదా అని చూడటానికి ఇద్దరం ఒకేసారి తెర మీదికి వంగాం. అలేఖ్య ఏదో అంది, నేను నవ్వాను.

“మీరిద్దరు ఎప్పుడు గింత దోస్తులైన్రు?” అన్నాడు ఆయన వెనక నుంచి.

తిరిగి చూశాను. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. ఆయన మా రెండు కుర్చీలనూ చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ నేను ఆ కంప్యూటర్‌ను చూసింది అలాగే.