తిని చూడు, ఎగిరిపోతావ్!

జపాన్‌లోని తకమత్సులో ఉదోన్ నూడుల్స్ కొట్టంటే తెల్లారేసరికి కాగు మరగాల్సిందే. ఫుజినో పిండిముద్దని అక్కడి పద్ధతిలో గుడ్డ చుట్టి కాళ్లతో తొక్కి, నూడుల్స్ కోసి, ఎండుచేపల చారు దించేసరికి జనం వచ్చేసేవాళ్లు. జుర్రుకుని తినడం, పనికి పరిగెత్తడం. బాగుందని నోటితో చెప్పే తీరికెవరికి? పొగడ్తలన్నీ నెట్లోనే. "తిని చూడు, ఎగిరిపోతావ్!" అని రాసేవాళ్లు కుర్రకారు. "ఈ పూట కప్పు నాదే" అని రాసేవాళ్లు, అదేదో పోటీ గెలిచొచ్చినట్టు. ఫుజినోకి మాత్రం ఫోనంటే మాట్లాడ్డానికే.

ఎగరడం మాత్రం నిజమే. ఆమె భర్త తొకుజి ఉన్న రోజుల్లో, రెండో గుటక దిగేసరికి మనుషులు స్టూళ్ల మీంచి జానెడు లేచేవాళ్లు. గాల్లోనే గిన్నె ఖాళీ చేసి, దిగి, డబ్బులిచ్చి పోయేవాళ్లు.

తొకుజి పోయాక గరిటె ఫుజినో పట్టింది. అప్పట్నుంచి ఒక్కడంటే ఒక్కడు లేస్తే ఒట్టు! చేపలు మార్చింది, ఉప్పు తగ్గించింది. ఉహూఁ. ఆయన చేతి మహిమ ఆయనతోనే పోయిందనుకుంది పాపం. ఏడాది లాక్కొచ్చి, ఈ శనివారంతో కొట్టు మూసేస్తున్నానని అందరికీ చెప్పేసింది.

శనివారం కొట్టు కిటకిటలాడింది. రిటైరైన బస్సు డ్రైవరు సోగో చారు చుక్క మిగల్చకుండా తాగాడు. ఈ ఏడాదంతా తిన్నాక ఒంటిచేత్తోనే దణ్ణం పెట్టేవాడు, రెండో చెయ్యి బల్ల అంచుని వదిలేది కాదు. ఆఖరి రోజు కదా అని మర్యాదగా రెండు చేతులూ జోడించాడు.

అంతే! మనిషి సర్రున లేచి, కప్పుకి ఠపీమని తల కొట్టుకున్నాడు.

"అయ్యయ్యో, తప్పయిపోయిందమ్మా!" అన్నాడు పైనుంచి.

"తప్పేంటండీ? ఏడాదిగా లేవని మనిషి ఇవాళెలా లేచారు?" అంది ఫుజినో.

సోగో అక్కణ్ణుంచే అసలు సంగతి చెప్పేశాడు. "చావు జరిగిన ఇల్లు కదమ్మా. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు కూడా చెప్పకూడని ఏడాది. మీ కళ్లముందు గాల్లో తేలితే ఏం బాగుంటుంది? అందుకే అందరం బల్ల పట్టుకుని తిన్నాం. నేనైతే స్టూలుకి కాళ్లు కూడా మెలేసేవాణ్ణి."

పక్కవీధి బ్యాంకులో పనిచేసే సుజుహ ఒక చేత్తో బల్ల పట్టుకునే, రెండో చేత్తో ఫోన్ తీసింది. "ఇది నేను రాసిందే పిన్నిగారూ, వినండి. 'ఇవాళ కూడా చచ్చీ చెడీ కూర్చున్నా. ఇలాంటి చారు పోస్తే మనిషన్నవాడు కుదురుగా ఉంటాడా!' దీని కింద ఊరంతా రాశారు. చేతులు పీకుతున్నాయని ఒకరు, ఆయనకంటే ఈవిడే గట్టిగా ఎగరేస్తోందని ఇంకొకరు."

"ఆయనకంటేనా? ఊరుకో!"

"ఆయన జానెడు లేపేవాడమ్మా," అన్నాడు సోగో నెత్తి రుద్దుకుంటూ. "నేనెక్కడున్నానో మీరే చూడండి."

ఫుజినోకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "మర్యాద మర్యాద అంటూ ఏడాది పాటు నా ఉసురు పోసుకున్నారు కదా! వదలండి చేతులు! అందరూ వదలండి!"

ఒక్కొక్కరే వదిలారు. గిన్నెలతో సహా కొట్టుకొట్టంతా పైకి పోయింది. ఆమె కళ్లొత్తుకుని, నడుం మీద చేతులేసుకుని, తలెత్తి చూసింది.

"సరే, సోమవారం ఎంతమంది వస్తున్నారు? పిండి ఎంత తొక్కాలో ఇప్పుడే చెప్పండి."