కసవు వీడని యిల్లు

భాద్రపదమాసమున నెడతెగని వర్షధారలచే దడిసి నాచుపట్టిన పెంకుటిండ్లపై నొకనాటి యుదయమున మేఘపటలమును జీల్చుకొని భాస్కరుడు ప్రకాశింపగా నాగావళీతీరమందలి యొక చిన్నపట్టణమున సాలెవీథి యంతయు నొక్కపెట్టున మేలుకొనెను. బొంతలు, చాపలు, చెమ్మగిల్లిన ధాన్యము, బూజుపట్టిన చింతపండు, ఏ యింటి సొత్తు ఆ యింటి వాకిటికి వచ్చి యెండ కాగుచుండెను. ఒక్క యింటి తలుపు మాత్రము మూయబడియే యుండెను. అది అసిరమ్మ యిల్లు.

భర్త గతించినను మగ్గమును విడువక కూతురిని బెంచి పెండ్లిచేసిన యా యిల్లాలి లోగిట బగిలిన కుండలును అరిగిన చీపుళ్లును పిడి లేని గరిటెలును కాళ్లు విఱిగిన పీటలును దెగిన నూలుపోగుల యుండలును పాతబట్టల మూటలును దూలములదాక బేర్చబడి మనుష్యులు నడచుటకు బెత్తెడు త్రోవ మాత్రమే మిగిలియుండెను. కారణములు కల్పించుటలో లోకులు వెనుదీయరు గదా! పిసినారి యనిరి కొందఱు. కుండలలో బంగారము దాచినదనిరి కొందఱు. గాలి సోకినదనిరి మఱికొందఱు. కాని యా పిసినారియే యడిగినవారికి గొలత లేక బియ్యము పోయుచుండెను. పొరుగుపిల్ల పెండ్లికి దన వెండికడియముల నూడ్చి యిచ్చెను. ఆమె యీయజాలనిది పనికిరాని వస్తువొక్కటియే. ఈ వింత కేమి హేతువో యెవ్వరికిని దెలియకుండెను.

ఆమె యేకైకపుత్రిక తవిటమ్మ నిండుచూలాలై తొలికాన్పునకు బుట్టినింటికి వచ్చియుండెను. ఆమెను జూడవచ్చిన మంత్రసాని గురువులమ్మ చాప పఱచుటకు జోటు వెదకుచు నొక చిల్లులచేటను గదల్పగా దాని క్రిందనుండి మండ్రగబ్బ యొకటి తోక యెత్తి వెలికి వచ్చెను.

“ఓసి అప్పా! నీ మనుమని నేను బట్టుకొందునా, ఈ తేలు పట్టుకొనునా?” అని గురువులమ్మ చీర యెగగట్టి యొక్క గంతున వాకిట బడెను. “గది ఖాళీచేసితివా, వత్తును. లేకున్న గూతురిని అత్తవారింటికి బంపుకొమ్ము. నాకును బ్రాణముపై దీపి కలదు.”

అసిరమ్మ ముఖము వెలవెలబోయెను. అత్తవారి యూరు నది కావలియొడ్డున నున్నది. ఏఱు పొంగియున్న దినములు. ఎఱ్ఱని నీరు, ఒరగిన పడవ, నిండుచూలాలి కేక. జరుగకమునుపే యన్నింటిని గన్నులయెదుట గాంచుట తల్లులకు బుట్టుకతో వచ్చిన విద్య. “రేపే యూడ్చెదనమ్మా, రేపే” అని యామె పల్కెను. రేపు వచ్చెను, పోయెను. ఒక్క చీపురుపుల్లయు గదలలేదు.

అంతట తవిటమ్మ తానే కొంగు బిగించెను.

“ఈ మూకుడెందులకమ్మా?”

“కుండకు మూత వేయుటకు.”

“ఏ కుండకు?”

“అదియు నచటనే యెక్కడనో యున్నదిలే.”

కూతురు నవ్వి మూకుడును బారవేయ గడప దాటి వెనుదిరిగి చూచి విస్మయమొందెను. తల్లి చూపు మూకుటిపై లేదు. తన ముఖముపై నుండెను. జ్వరపడిన బిడ్డ యూపిరి యాడుచున్నదో లేదో యని వంగి చూచు తల్లి చూపది. మూకుటిని జూచి యిట్లు వెఱచుట యెందులకు? తవిటమ్మకు గుతూహలము హెచ్చి గోడ కావల నున్న గురువులమ్మను బిలిచి యీ పోగు పెట్టుట యెన్నడు మొదలైనదని యడిగెను.

“నీతోనే మొదలైనది గుంటా! నీకు ముందు పుట్టిన ముగ్గురును బురిటిలోనే పోయిరి. నిన్ను జేటలో నుంచి వీథి చివరి కుప్పపై విడిచితిమి. నేనెత్తుకొని చేటెడు తవుటికి మరల మీ యమ్మకే యమ్మితిని. కసవులో దొరకినదానిని మృత్యువు కోరదని మా పెద్దల నమ్మకము. నీ పేరు కథ నీ వెఱిగినదే. ఎఱుగనిది వినుము. ఆ చేటను మీ యమ్మ నాటినుండి పారవేయలేదు. మొన్న తేలు దాగినది దాని క్రిందనే.”

తవిటమ్మ తల్లి చెంత గూర్చుండి యడుగగా నామె కొంగు నులుముచు నిట్లనెను: “నా బిడ్డ వట్టి కసవు, నా యింటనే యుండనిమ్మని మృత్యువును వేడుకొంటిని. అది నమ్మి విడిచిపోయినది. కసవును నేను బారవేయుట చూచినచో, నాడు విడిచినదానిని నాకిమ్మని తిరిగి రాదా? నేను వెఱ్ఱిదాననే కావచ్చును తల్లీ. కాని నా లెక్క నిజమైనచో బోవుదానవు నీవు.”

కూతురు నవ్వలేదు. “సరే. నీవు పారవేయవలదు. నేను బారవేసెదను. నీవు నా ముఖమునే చూచుచుండుము.”

ఆమె మూకుటిని గుప్పలో వైచి వచ్చి తల్లి యఱచేతిని దన ముక్కు చెంత నుంచెను. “ఉన్నానా?” “ఉన్నావు.” విఱిగిన పీటను వైచి వచ్చెను. “ఉన్నానా?” “ఉన్నావు.” పాతబట్టల మూటలు పోయెను, పెంకులు పోయెను, చిల్లులచేటయు బోయెను. మధ్యాహ్నమునకు అసిరమ్మయే విసిగి “ఉన్నావు లేవే! పోయి యా చీపురు గూడ బట్టుకొనిపొమ్ము” అనెను. తా నేమనెనో తెలిసి తానే నోరు మూసికొనెను.

మఱునాడు తవిటమ్మ వరుసగా దుమ్మెను. అంతియే, అసిరమ్మ పరుగున బోయి కుప్పలోని చిల్లులచేటను మరల నింటికి దెచ్చెను. “అమ్మా, నాకు దుమ్ములు వచ్చినవి యీ చేట దుమ్మువలననే!” అని కూతురు మొఱపెట్టగా గోడమీదుగా గురువులమ్మ “అప్పా, తుమ్మినందుకు జేట తెచ్చితివి; దగ్గినచో గుప్పయంతయు దెత్తువు గాబోలు!” అనెను. అసిరమ్మకును నవ్వు వచ్చెను. కాని చేట గోడకు వ్రేలాడుచునే యుండెను.

పిదప నూడ్చి యలికిన గదిలో నొక వర్షపు సాయంకాలమున తవిటమ్మ ప్రసవించెను. “పాతబట్ట, పాతబట్ట!” అని గురువులమ్మ యఱచెను. ఇల్లంతయు వెదకినను గుడ్డపేలిక లేదు. “ఇన్నేండ్లు మూటలు మూటలు దాచి, కావలసిననాడు లేదందువా!” అసిరమ్మ పెట్టె తెఱచి తాను నేసి మడత విప్పని క్రొత్తచీరను దీసి యొక్క పెట్టున నిలువున జింపెను. ఆ చీలిక చప్పుడుతో బాటే శిశువు కెవ్వుమనెను.

బిడ్డను జుట్టిన గురువులమ్మ గోడవంక జూచి స్వరము తగ్గించి “అప్పా, బిడ్డ నుంచుటకు జేటను దింపుమందువా?” అనెను. తవిటమ్మ కన్నులు తెఱచి తల్లిని జూచెను.

మనుష్యుని చేయి పట్టుకొనునది చేటనే. మనస్సు పట్టుకొనునది యొకరి యూపిరిని. ఈ రహస్య మెఱుగక మనము చేటను జూచి నవ్వుదుము.

అసిరమ్మ చేటను దింపెను. వానలో నడచి వీథి చివరి కుప్పపై వట్టి చేటనే విడిచి తడిసిన తలతో దిరిగి వచ్చెను. కూతురి ముక్కు చెంత నొక వ్రేలును మనుమరాలి ముక్కు చెంత నొక వ్రేలును నుంచి యూపిరులు లెక్కించుచు గూర్చుండెను. కొంతసేపటికి శిశువు చిన్నపిడికిలితో నా వ్రేలిని బట్టుకొనెను. ఆమె లెక్క మఱచెను.