పూలబండిలో నా రసీదులు

“నువ్వు లేకుంటే ఈ ఇల్లు ఒక పూట గూడా నడవదు భువనా” అన్నాడు నా భర్త తిలక్, ఆ పొద్దున నేను సంగటి కెలుకుతుండగా. మెచ్చుకున్నట్టే అన్నాడు. అంతకు నిమిషం ముందు నేను గురువారం మీటింగ్‌కు కృష్ణగిరికి పోయి రానా అని అడిగాను. దానికి ఆయన జవాబు అది.

అంతలో సిలిండర్ తెచ్చినాయన గుమ్మంలో నిలబడి ఓటీపీ అడిగాడు. ఆ నంబరు నా ఫోన్‌కే వస్తుంది. మా పాప రక్షిత స్కూలు మెసేజ్‌లు, అత్తమ్మ కంటి ఆసుపత్రి టోకెను, కరెంటు బిల్లు అన్నీ నా ఫోన్‌కే. పెళ్లయిన కొత్తలో “నీకు చదువుండాది గదా, నీ నంబరే ఇయ్యి” అన్నారు. మా నాయన మారప్ప బాగలూరు దగ్గర గులాబీలు పండిస్తాడు, సంతకం రాదు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. అందుకే ఆ మాట నాకు గౌరవంగా అనిపించింది. తొమ్మిదేళ్లు గడిచాయి. తెడ్డు వదిలి, చెయ్యి తుడుచుకుని, నాలుగంకెలు చెప్పి వచ్చేసరికి సంగటి ఉండలు కట్టింది. “ఏమే, ఈ పొద్దు ఇన్ని ఉండలుండాయి?” అన్నాడు తిలక్ తింటూ. “జీతం లేని పనికి మీటింగ్ గూడా ఒకటా? ఫోన్‌లో మాట్లాడితే చాలదా?”

ఆ జీతం లేని పని గురించి చెప్పాలి. పెళ్లికి ముందు నుంచీ నేను హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. మళ్లీ ఎప్పుడు పోతావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజుల్లోనే పూల రైతుల సంఘాల కోసం కొంతమందిమి కలిసి ఒక సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాం. పేరు పూలబండి. ఓపెన్ సోర్స్. అంటే మేము రాసిన కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, బాగుచేయవచ్చు. పొద్దున్నే ఏ రైతు ఎన్ని గులాబీ కట్టలు తెచ్చాడు, ఏ రకం, ఏ బండికి ఎక్కాయి అని అది లెక్క పెడుతుంది. రైతు చేతికి ఇచ్చే రసీదు భాగం మొత్తం నాది. మాది తమిళనాడులో కర్ణాటక అంచు. మా వైపు రైతు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో తమిళం చదివి ఉంటాడు, పూలు కొనేవాడితో కన్నడం మాట్లాడతాడు. ఎవరికి చదవడం వచ్చిన భాషలో వాళ్లకు రసీదు రావాలని మూడు భాషల్లోనూ రాశాను. పాపను నిద్రపుచ్చి కొంత, పప్పు ఉడికే లోపల కొంత.

మేము చేసిన తప్పు ఒకటుంది. ఎవరి పని తెచ్చినా కోర్‌లోనే, అంటే అసలు సాఫ్ట్‌వేర్ లోపలే, పెట్టేశాం. విడిగా, కావలసినవాళ్లు తగిలించుకునే ప్యాకేజీగా ఉంచుదామంటే ఆ మనిషి చిన్నబుచ్చుకుంటాడని భయం. పిలిచిన చుట్టాన్ని వసారాలో కూర్చోబెట్టి ఆకు వేసినట్టు ఉంటుందని. వానల సమాచారం లోపలే, మందుల పట్టిక లోపలే, నా రసీదులూ లోపలే. మర్యాద కోసం కట్టిన ఇల్లు అది.

మొన్న ఫిబ్రవరిలో, గులాబీలకు బాగా గిరాకీ ఉన్న వారంలో, కన్నడ రసీదులో ఒక ఊరి పేరు తప్పుగా ఉందంటే సరిచేశాను. మర్నాడు పొద్దున బాగలూరులో పూలబండి తెరుచుకోలేదు. రసీదు పని చేయకపోతే లెక్క కూడా పని చేయకుండా రెండూ ముడిపడి ఉన్నాయి. రైతులు కట్టల లెక్క అట్టపెట్టెల మీద పెన్నుతో రాసుకున్నారు. బండి గంటన్నర ఆలస్యంగా కదిలింది. నేను పాప జడ వేస్తూ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని తప్పు వెతికాను. పూలబండి వాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ రాసింది ఒకటే: భువన మార్చింది. ఊరి పేరులో ఒక అక్షరం మారితే పూల లెక్క ఎందుకు ఆగాలని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతే కోర్‌నూ ప్యాకేజీలనూ విడదీయాలని నిర్ణయించి కృష్ణగిరిలో మీటింగ్ పెట్టారు. పూలబండి పనులన్నీ చూసుకునే గోపీచంద్ నాకు ముందే ఫోన్ చేశాడు. ఆయనది గుంటూరు వైపు, హోసూరులో ఉద్యోగం. “మిగతావన్నీ బయటికి తీసేస్తున్నామండీ. మీది మాత్రం లోపలే ఉంచాను. మొదట్నుంచీ ఉన్నారు, మీరు లేకపోతే పూలబండే లేదు కదా మేడం” అన్నాడు. థాంక్స్ అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఆ పొద్దునే తిలక్ నోట విన్న మాట అని గుర్తొచ్చింది. లోపల ఉండడమంటే ఏమిటో ఆలోచించాను. ఎవరు ఏది మార్చినా నా రసీదులు చెడిపోయాయేమోనని నేను చూసుకోవాలి. నేను ఒక అక్షరం మార్చాలంటే మాత్రం పదిమంది సరేననాలి. తమిళ రసీదు కొత్తది సిద్ధమై మూడు నెలలైనా, వాళ్లు సరేననక వరుసలో పడి ఉంది.

సాయంత్రం అత్తమ్మ మంజులమ్మ నానబెట్టిన అనపగింజలు పితికి తొక్క తీస్తూ కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

“పోయి రా పో, కృష్ణగిరికి” అంది తలెత్తకుండా.

“ఇల్లు నడవదంటాండాడు గదా అత్తా, మీ కొడుకు.”

“నన్ను గూడా అట్లే అనిరి. మీ మామ ఉండే దినాల్లో, మంజుల లేకుంటే ఈ ఇల్లే లేదు అని వచ్చినోళ్లందరికీ చెప్పేవాడు. మా అక్క కూతురి పెండ్లి మాలూరులో. దానికి గూడా పోలేదు నేను, ఇల్లు నిలిచిపోతుందని. ముప్పై ఏండ్లు నమ్మినాను.” ఒక గింజ జారి కింద పడితే తీసి గిన్నెలో వేసింది. “నువ్వొచ్చినావు. వారం దినాలకే నన్ను ఏదీ అడిగేవాళ్లు లేరు. నడిచిందా లేదా?”

చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

గురువారం పోతున్నానని తిలక్‌కు చెప్పాను. ఈసారి అడగలేదు, చెప్పాను. ఆరున్నర బస్సెక్కాను.

కృష్ణగిరి బస్టాండు దగ్గర ఒక మెస్ పైన గది. పన్నెండు మందిమి. ఆడవాళ్లం ఇద్దరం, నేనూ కోలారు నుంచి వచ్చిన ప్రతిభా. గోపీచంద్ జాబితా చదివాడు. లోపల ఉండేవి నాలుగు: రైతు పేరు, కట్టల లెక్క, బండి లోడు, రసీదులు.

“రసీదులు బయటికి తీయండి” అన్నాను.

రైతు సంఘం పెద్ద తిమ్మరాయప్ప నా వైపు తిరిగాడు. “ఏమమ్మా, అలిగినావా? ఎవరన్నా ఏమన్నా అనిరా?”

“లేదప్పా. ఫిబ్రవరిలో ఏమయింది? రసీదులో అక్షరానికి పూల లెక్క నిలిచిపోయె. రసీదు సాయంత్రం ఇచ్చినా మీరు ఊరుకుంటారు. పూలు ఊరుకుంటాయా?”

“ఊరుకోవు. అది నిజమే” అన్నాడాయన. “విడిగా ఉంటే మా ఊరికి తమిళం ఒకటే తగిలించుకుంటే చాలు. కన్నడం ఏంటికి మోయాల మేము?”

గోపీచంద్‌కు నచ్చలేదు. “బయటికి తీస్తే చెడినప్పుడు ఎవరు చూస్తారండీ? లోపల ఉంటే మీరు ఎలాగూ చూస్తారు కదా.”

మంచి మనసుతోనే అన్నాడు. ఆ మంచితనం నాకు బాగా తెలుసు. “ఎలాగూ చూడను గోపీచంద్ గారూ” అన్నాను. “మంగళవారం, శుక్రవారం పొద్దున చూస్తాను. నేర్చుకుంటామంటే ఇంకో ఇద్దరికి నేర్పిస్తాను. ఎప్పుడు కొత్తది విడుదల చేయాలో మాత్రం నేనే చెబుతాను.”

ఎవరూ కాదనలేదు. ప్రతిభ తన ల్యాప్‌టాప్‌లో విడి ప్యాకేజీల పట్టిక తెరిచింది. ఒక్కోదానికి మూడు గళ్లు: ప్యాకేజీ పేరు, చూసుకునేవాళ్లు, ఎప్పటివరకు. లోపల ఉన్న పనుల పట్టికలో ఆ మూడో గడి లేదు.

“పేరు రాసుకున్నాను భువనక్కా. ఎన్నాళ్లు చూసుకుంటావు?”

వంట, పాప, అత్తమ్మ మాత్రలు, రసీదులు. నా చేతికి వచ్చిన ఏ పనికీ ఇంతవరకూ ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. ప్రతిభ తొందరపెట్టకుండా కాచుకుంది.

“ఒక సంవత్సరం” అన్నాను. “అయినాక మళ్లీ నన్ను అడగాల.”

ప్రతిభ అదే టైపు చేసింది.