పొయ్యి ఆర్పాక వేసిన పువ్వులు

భర్త ఉమామహేష్ పోయాక, బీరు కాయాలని అతను తెప్పించుకున్న మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు, హాప్స్ పువ్వుల పొట్లం ఇంట్లోనే మిగిలాయి. ఆనాటి నుంచి హేమలతకు కూర మాడినా వాసన తెలియడం లేదు. అతను అంత గొప్పగా చెప్పిన ఈ పువ్వుల వాసనైనా తెలుస్తుందేమోనని తనే బీరు కాయడానికి పూనుకుంది.

అంబలికి చోళ్లు, అదే రాగులు, ఆడించినట్టే మాల్టును మరలో మెత్తగా పిండి పట్టించింది. వేడినీళ్లలో నానబెట్టి వడకడితే, పిండి ముద్దయిపోయి చుక్క దిగలేదు.

"వదినా, బీరు కాత్తన్నావా, అంబలి కాత్తన్నావా?" అన్నాడు మరిది లోకనాథ్.

హేమలత ముద్ద విడిపోయేలా అందులో కడిగిన ఊక కలిపింది. అప్పుడు సన్నగా ధార దిగింది. దాన్ని మరగబెట్టింది.

"సగం పువ్వులు ఇప్పుడేసీ, సేదు దిగుద్ది. మిగతాయి సివర్న, వాసనకి. అన్నయ్య అలాగే సెప్పేవోడు."

హేమలత చిటికెడే వేసి, పొయ్యి ఆర్పాక పొట్లమంతా గుమ్మరించింది.

"అబ్బ! పనసతొనల వాసనొదినా! ఇల్లంతా నిండిపోనాది!"

ఆమె గిన్నె మీదికి వంగింది. ముఖానికి ఆవిరి వేడిగా తగిలింది. అంతే. మళ్లీ గట్టిగా పీల్చి చూసి, మూత పెట్టింది.

"ఆ వాసన ఎలగుందో ఇంకోపాలి సెప్పు బాబూ" అంది.