రెండు పళ్ళు తక్కువ

కృష్ణమోహన్ పేరు వింటేనే దివాకర్‌కి ఒళ్ళు మండేది. ఇద్దరూ అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఒకే వీధిలో ఉంటారు, ఒకే సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్తారు, పైగా ఇద్దరికీ కలిపి ఒకటే హెలికాప్టర్. చేయి చాపినంత పొడవుండి బ్యాటరీతో ఎగిరే మోడల్ హెలికాప్టర్ అది. ఒకర్నొకరు ‘ఒరేయ్’ అని పిలుచుకునే రోజుల్లో దివాకర్ గరాజ్‌లో కూర్చుని ఇద్దరూ కలిసి బిగించుకున్నారు.

అంతా ఒక పాట్‌లక్‌లో, తలా ఒక వంటకం తెచ్చుకున్న విందులో చెడింది. బిర్యానీ ప్లేటు చేత పట్టుకుని, వీధి వీధంతా వింటుండగా కృష్ణమోహన్ అన్నాడు: "ట్యూనింగ్ మొత్తం నేనే చేస్త. దివాకర్ స్క్రూడ్రైవర్ అందిస్తడు."

అందరూ నవ్వారు. దివాకర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా అతనికి తన మీద తనకే అసహ్యం వేసేది. ఆ వారం నుంచి ‘ఒరేయ్’ పోయి ‘గారు’ వచ్చింది. మర్యాదని ఇంత విషంగా వాడటం మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మనసులు విరిగినా హెలికాప్టర్ మాత్రం ఒక్కటేగా. ఒక వారం వాళ్ళింట్లో, ఒక వారం వీళ్ళింట్లో, విడాకులు తీసుకున్న వాళ్ళ బిడ్డలా తిరిగేది. దాని లోపలి బుల్లి కంప్యూటర్‌లో వేగానికి ఎవరి అంకెలు వాళ్ళవి. రిమోట్ మీద స్విచ్ ఎటు తిప్పితే ఆ మనిషి సెట్టింగ్ పనిచేస్తుంది. చివరికి ఇద్దరూ విసిగిపోయి ఒక ఒప్పందానికి వచ్చారు. మోడల్ హెలికాప్టర్ల క్లబ్ పోటీలో ఎవరు ఎక్కువసేపు గాల్లో నిలబెడితే హెలికాప్టర్ వాళ్ళది. అంకెలు మార్చుకోవచ్చు, భాగాలు ముట్టుకోకూడదు. ట్యూనింగ్ ఎవరిదో కూడా దాంతో తేలిపోతుంది. నిజం చెప్పాలంటే దివాకర్‌కి హెలికాప్టర్ కంటే అదే ముఖ్యం.

పైన తిరిగే పెద్ద రెక్కల, అంటే రోటర్ వేగం తగ్గిస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మరీ తగ్గిస్తే తోక పట్టు తప్పి, హెలికాప్టర్ గిర్రున తిరిగి నేలకూలుతుంది. ఆ రెండింటి మధ్య సరిగ్గా ఎక్కడ ఆగాలో కనుక్కోవడమే పని. కిందటేడు గాలి రోజున నిమిషానికి పదిహేను వందల చుట్లకి దించితే తోక జారి, ఇద్దరికీ ప్రాణాలు పోయినంత పనైంది. అప్పటినుంచి పదిహేడు వందల కంటే తగ్గించే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు.

పోటీకి ముందు వారం హెలికాప్టర్ దివాకర్ వంతుకి వచ్చింది. శనివారం మధ్యాహ్నం గరాజ్ తలుపు దించుకుని, మోటారు మీది చిన్న గేరు ఊడదీసి, రెండు పళ్ళు తక్కువున్న గేరు బిగించాడు. ఇక మోటారు ఎప్పటిలాగే తిరుగుతుంది, పైన రోటర్ మాత్రం మందగిస్తుంది. తన సెట్టింగ్‌లో ఆ తేడాని సరిచేసుకున్నాడు. కృష్ణమోహన్ సెట్టింగ్ జోలికి పోలేదు. స్క్రీన్ మీద అతనికి పదిహేడు వందలే కనిపిస్తాయి, పైన తిరిగేది పద్నాలుగు వందల చిల్లర. క్లబ్బంతా చూస్తుండగా ముక్కలైపోతుంది. తనకి దక్కకపోయినా సరే, వాడికి మాత్రం దక్కకూడదు.

భార్య ఉమ లాండ్రీ బుట్టతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "రేపే కదండీ పోటీ, ఒకసారి ఎగరేసి చూసుకోరా?"

"అవసరం లేదులే."

అవసరం లేక కాదు, ఫీల్డ్‌కి తీసుకెళ్తే ఎవరి కళ్ళయినా పడతాయని. ఆఫీసులో జూనియర్లు టెస్ట్ చేయని కోడ్ పంపితే ఉతికి ఆరేసే మనిషి, తన కుట్రని మాత్రం టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి నెట్టేశాడు. గొడవకి ముందు వసంతంలో ఇద్దరూ కలిసి పాత రెక్కలు తీసేసి, పైనా తోకకీ వెడల్పాటి రెక్కలు బిగించిన సంగతే అతనికి తట్టలేదు. పగ అతని బుర్రని అంతగా తినేసింది.

ఆదివారం పొద్దున్న క్లబ్ మైదానంలో ఆకు కూడా కదలడం లేదు. దివాకర్ ముందు ఎగరేసి, పదకొండు నిమిషాలు నిలబెట్టి దించాడు. బ్యాటరీ మార్చాక కృష్ణమోహన్ రిమోట్ అందుకుని స్విచ్ తన వైపుకి తిప్పాడు.

రోటర్ మోత రోజూ ఉన్నట్టు లేదు, బొంగురుగా, మెత్తగా ఉంది. కృష్ణమోహన్ కనుబొమలు ముడిచాడు. "సౌండ్ ఏందిట్లుంది?"

"మీ ట్యూనింగే కదండీ," అన్నాడు దివాకర్.

అందరూ చూస్తున్నారు, ఆ మాట తర్వాత దించడం నామోషీ. కృష్ణమోహన్ పైకి లేపాడు. దివాకర్ కళ్ళార్పకుండా తోకనే చూస్తున్నాడు. జారాలి, ఇప్పుడు జారాలి. ఆ వెడల్పాటి రెక్కలు నిదానంగా తిరుగుతూనే గాలిని పట్టుకుని, మేకు కొట్టినట్టు హెలికాప్టర్‌ని అక్కడే నిలబెట్టాయి. పదకొండు నిమిషాలు దాటాయి. పన్నెండూ దాటాయి. దివాకర్‌కి అప్పుడు గుర్తొచ్చాయి, వసంతంలో మార్చిన రెక్కలు. పద్నాలుగో నిమిషంలో అది దిగింది, పిల్లిలా చప్పుడు చేయకుండా.

గడియారం పట్టుకున్న క్లబ్ ముసలాయన వచ్చి కృష్ణమోహన్ భుజం తట్టాడు. ఇంత చక్కటి సెటప్ ఈ మైదానంలో ఎవరూ చూళ్ళేదని, ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగాడు.

"నేనే," అన్నాడు కృష్ణమోహన్, తొణక్కుండా.

చేసింది నేను. ఆ మాట దివాకర్ నోటిదాకా వచ్చింది. గేరు మార్చానంటే గెలుపు తనదవుతుంది, దాంతోపాటు మోసమూ తనదవుతుంది. జీవితంలో అతను చేసిన గొప్ప ట్యూనింగ్ అదొక్కటే, దాన్ని ఇక ఎవరికీ చెప్పుకోలేడు.

కృష్ణమోహన్ కారు డిక్కీ తెరిచాడు. "దివాకర్ గారూ, దీని సామాన్లు మీ గరాజ్‌ల ఇంకేమన్న ఉన్నయా?"

పాత గేరు దివాకర్ ప్యాంటు జేబులోనే ఉంది.

"లేవండి."

"సరే. రెక్కలు విప్పకపోతే డిక్కీల పట్టదు." హెలికాప్టర్ మీద వంగి, తల ఎత్తకుండానే కృష్ణమోహన్ చేయి వెనక్కి చాపాడు. "ఆ స్క్రూడ్రైవర్ ఇట్ల ఇయ్యండి."

దివాకర్ అందించాడు.