వెలిగించి చూడని హెడ్‌లైటు

రొట్టెల కొట్టు ముందు ఇంకా లైను కూడా కట్టలేదు, బహీగా అప్పుడే బిషారా మేస్త్రీ మెకానిక్ షెడ్డులో కూచుని జావా మోటారుసైకిలు చైను కిరోసిన్‌తో కడుగుతోంది. ఏటా ట్రాఫిక్ ఆఫీసు తనిఖీకి ముందు ఈ పని ఆమె మొగుడు రాగిబ్ చేసేవాడు. చేపల బుట్టలు మోసి మోసి డొక్కుదైన బండిని పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి తీసుకెళ్ళేవాడు. మొన్న చలికాలంలో, మంచు కమ్మిన ఓ తెల్లవారుజామున, నది గట్టు మీద ఎవడో అతణ్ణి గుద్ది వదిలేసి పోయాడు. మంచు విడేదాకా రాగిబ్‌ను ఎవరూ చూడలేదు.

ఎవడో అని పోలీసులు రాసుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ హాజీ జగ్లూల్ అని బహీగాకు తెలుసు. ఎలా తెలుసంటారా? మా రషీద్ ఊళ్ళో కొత్త బండి కొంటే గొర్రెను కోసి, దిష్టి తగలకుండా నెత్తుటి చెయ్యి దాని మీద అద్దుతారు. రాగిబ్‌ను పూడ్చిన వారంలోనే ఈ పెద్దమనిషి తన పాత ట్రక్కుకు కొత్త రంగేయించి, ఏకంగా దూడనే కోయించి, చెయ్యి అద్దాడు. పాత బండికి దూడను కోసినవాణ్ణి మీరెక్కడన్నా చూశారా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే మరి! ఊరంతా ఆ మాంసం తిన్నది. తన ఇంటికొచ్చిన వాటాను బహీగా పిల్లులకు పడేసింది.

"సాక్ష్యమేదమ్మా?" అన్నారు పోలీసులు. సాక్ష్యం బండి ముందు భాగంలోనే ఉంది. ఆ జావా హెడ్‌లైటు ఆరిపోయి మళ్ళీ వెలిగినప్పుడల్లా, ఆరేముందు చివరగా చూసింది ఒక్కసారి చూపించి, ఆ తర్వాతే దారి చూపిస్తుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. షుగరున్న రాగిబ్ మిఠాయి కొట్టు ముందు నిలబడి దొంగచాటుగా కునాఫా మింగుతుంటే, అది ఇంటి గోడ మీద చూసి బహీగా రెండు రోజులు మాట్లాడలేదు. గుద్దిన రోజు బల్బు పగిలింది. అది చివరగా చూసింది ఇంకా దాని కడుపులోనే ఉంది.

ఆ సంగతి హాజీకీ తెలుసు. అందుకే ఊళ్ళో దొరికే జావా బల్బులన్నీ కొనేశాడు. ఐసు అమ్ముకునేవాడికి జావా బల్బులెందుకని ఒక్కడన్నా అడిగితేగా!

బహీగా చైను తుడుస్తుండగా ఆయనే షెడ్డు ముందు ఆగాడు.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? లైటు లేని బండిని తనిఖీలో పట్టుకుని తుక్కుకు పంపేస్తారు. ఆ తుక్కేదో నాకే ఇచ్చెయ్, కుట్టుమిషను కొనిపెడతా."

"మీది పెద్ద మనసు హాజీగారూ," అంది బహీగా తలెత్తకుండా. "ఇంతకీ మీ ట్రక్కు తనిఖీ ఎప్పుడు?"

"శుక్రవారం సెలవు పోయాక, ఆదివారం."

"అయితే నేనూ ఆదివారమే వస్తా."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మేస్త్రీ పళ్ళు కొరికాడు. లేచి, గోడకున్న, తను కొలిచే పునీతుడు మార్ గిర్గిస్ పటం దగ్గరికెళ్ళాడు. పటం కింద పాత బ్యాటరీకి తగిలించిన జావా బల్బొకటి ఏళ్ళ తరబడి వెలుగుతోంది. దణ్ణం పెట్టి దాన్ని ఊడదీసి, హెడ్‌లైటులో బిగించి, స్విచ్చు మీద చెయ్యేశాడు. బహీగా ఆ చేతి మీద పానాతో ఒక్కటిచ్చింది.

"మేస్త్రీ! ఇక్కడ వెలిగిస్తే నువ్వూ నేనూ చూస్తాం, అంతే. ఒక్కసారే చూపిస్తుందది. వాడుండగా చూపించాలి, ఆఫీసరుండగా చూపించాలి."

"మరి అక్కడ వెలక్కపోతే?"

"వెలక్కపోతే నా ఖర్మ. బండీ పోతుంది, వాడూ బతికిపోతాడు."

ఆదివారం మేస్త్రీని వెంటబెట్టుకుని బండి తోసుకుంటూ వచ్చింది బహీగా. వెనకాలే ఐసు దిమ్మెలతో హాజీ ట్రక్కు. తనిఖీ చేసే లెఫ్టినెంట్ వజ్దీ ఇంజను నంబరు చూశాడు, బ్రేకు తొక్కాడు, హారన్ కొట్టాడు. సున్నం కొట్టి, లైటు ఎత్తు కొలిచే గీత గీసిన గోడ వైపు బండిని తిప్పమన్నాడు. అద్దం వెనక మెరుస్తున్న బల్బు హాజీ కళ్ళబడింది.

"అయ్యా, ముందు నా బండి చూడండి! ఐసు కరిగిపోతోంది!"

"లైనంటే లైనే హాజీ. లైటు వెయ్యమ్మా."

"మీరిలా ముందుకు రండి హాజీగారూ, అక్కణ్ణుంచి సరిగా కనబడదు," అంది బహీగా. మేస్త్రీ ఆయన భుజం పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు. ఆమె స్విచ్చు నొక్కింది.

గోడంతా మంచు. మంచులో గట్టు. గట్టు మీద రాగిబ్ పడి ఉన్నాడు, బతికే ఉన్నాడు. జగ్లూల్ ముఖం చూద్దామనే వచ్చింది గానీ, ముందు మొగుణ్ణే చూడాల్సొస్తుందని బహీగా అనుకోలేదు. ట్రక్కు దిగి హాజీ వచ్చాడు. రాగిబ్ చెయ్యెత్తాడు, లేపమని. హాజీ ఆ చేతిని దాటుకుని వెళ్ళి, విరిగిపడ్డ తన ట్రక్కు అద్దం ఏరుకున్నాడు. వెనక్కి తిరిగి హెడ్‌లైటు వైపు నడిచొచ్చాడు. గోడ నిండా చెప్పు అడుగు. ఆ తర్వాత మామూలు వెలుతురు.

వజ్దీ తనిఖీ కాయితం మీద ముద్ర గుద్దాడు.

"వెలుతురు గీతకు కాస్త పైన పడుతోంది, దించుకోవాలి. బండి పాసు." గేటు దగ్గరున్న పోలీసుల వైపు తిరిగాడు. "గేటు మూసి వీణ్ణి పట్టుకోండి."

"మంచులో కనబళ్ళేదయ్యా! దేవుడి మీదొట్టు!"

"కనబడకుండానే దాటావట్రా చేతిని? నీ చెయ్యి పడిపోను!" అని అరిచింది బహీగా. ఇన్నాళ్ళూ అనాలనుకున్నవన్నీ అక్కడే అనేసింది, ఎవరూ ఆపలేదు.

ట్రక్కు కింద ఐసు నీళ్ళు మడుగు కట్టాయి. బేడీలేసి హాజీని జీపెక్కిస్తుంటే బహీగా హ్యాండిలు మెల్లగా అటు తిప్పింది. వెలుతురు వాడి ముఖం మీద పడింది, వాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి దిగేదాకా ఆగి, ముఖం, బేడీలు రెండూ బాగా కనబడ్డాక టక్కున లైటు ఆర్పేసింది.

"ఆర్పేశావేంటమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"బండెక్కు మేస్త్రీ. సమాధుల దగ్గరికి పోదాం," అంది బహీగా. "ఆయనకు చూపించాలి."